అమ్మీటర్ లేకపోవడమే దీని గొప్ప: ఇంట్లో కట్టిన వాల్వ్ ఈక్వలైజర్ పనికి ఫ్లూక్ 101 మీటర్

ఫ్లూక్ 101 మీటర్‌కు కింద రెండే రంధ్రాలు ఉంటాయి. నల్ల తీగకు ఒకటి, ఎర్ర తీగకు ఒకటి. ఆంపియర్లు కొలిచే మూడో రంధ్రం దీనికి లేదు. కొనడానికి వచ్చినవాళ్లు చాలామంది దీన్ని లోపంగా లెక్కేసి ఇంకో మీటర్ వైపు చూస్తారు. ఇంట్లో వాల్వ్ ఈక్వలైజర్ (పాటలో బేస్, ట్రెబుల్ పాళ్లు సవరించే, గాజు వాల్వులతో నడిచే పెట్టె) కట్టుకుని దాని వోల్టేజీలు చూసుకోవాలనుకునేవాళ్లకు మాత్రం ఈ మీటర్ కొనడానికి మొదటి కారణం ఆ మూడో రంధ్రం లేకపోవడమే.

మూడు రంధ్రాల మీటర్‌తో ఏం జరుగుతుందో చూడండి. హీటర్ కరెంటు చూద్దామని ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలో పెడతారు. పని అయ్యాక దాన్ని మళ్లీ వోల్టుల రంధ్రంలోకి మార్చడం మరచిపోతారు. తర్వాత డయల్‌ను వోల్టుల మీదకు తిప్పి, హెచ్‌టీ (వాల్వులకు ఇచ్చే ఎక్కువ డీసీ వోల్టేజీ) ఎంత ఉందో చూడటానికి ప్రోబ్ ఆనిస్తారు. డయల్ ఎక్కడున్నా ఆ రంధ్రం వెనక ఉన్నది కరెంటును దాదాపు అడ్డు లేకుండా పోనిచ్చే లావుపాటి షంటు తీగ ఒక్కటే. అంటే 300 వోల్టుల మీద ఒక ఇనపకడ్డీ పెట్టినట్టే. 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ 300 వోల్టుల దగ్గర దాచుకునే శక్తి 4.5 జౌళ్లు. అదంతా ప్రోబ్ మొన దగ్గర ఒక్క క్షణంలో పేలుతుంది. మొన కరుగుతుంది, టంకం చుక్కలు కళ్ల మీదకు ఎగురుతాయి, రెక్టిఫయర్ డయోడ్లు పోతాయి, ఫ్యూజు సరైన విలువది కాకపోతే ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతుంది. రెండు రంధ్రాల మీటర్‌లో ఈ పొరపాటుకు చోటే లేదు.

మరి కరెంటు తెలుసుకోవడం ఎలా? ఈక్వలైజర్‌లో దానికి అమ్మీటర్ అక్కర్లేదు. ప్రతి వాల్వ్‌లో ఎలక్ట్రాన్లు వెలువడే క్యాథోడ్ కింద విలువ తెలిసిన రెసిస్టర్ ఉంటుంది. దాని మీది వోల్టేజీని ఆ విలువతో భాగిస్తే కరెంటు వచ్చేస్తుంది. 1.5 కిలోఓమ్‌ల మీద 1.4 వోల్టులు ఉంటే 0.93 మిల్లీఆంప్. తీగ తెంపి మధ్యలో మీటర్ కలిపే పనే లేదు.

అసలు ఈ పెట్టెలో కొలవాల్సినవేమిటో ముందు చెప్పుకోవాలి. ఇళ్లలో ఎక్కువగా కట్టేది పల్టెక్ అనే పాత అమెరికన్ స్టూడియో ఈక్వలైజర్ తరహాది. కాయిల్స్, కెపాసిటర్లు, పాట్లతో (తిప్పితే విలువ మారే రెసిస్టర్లు) ఒక పాసివ్ భాగం ఉంటుంది. అందులో సిగ్నల్ సుమారు 16 డెసిబెల్స్ తగ్గుతుంది. దాన్ని తిరిగి లేపడానికి వెనక 12ఏఎక్స్7, 12ఏయూ7 వాల్వులతో ఒక ఆంప్లిఫయర్ ఉంటుంది. పాసివ్ భాగంలో డీసీ ఉండకూడదు. ప్రమాదమంతా ఆంప్లిఫయర్‌లోనూ, పవర్ సప్లయిలోనూ ఉంది. హెచ్‌టీ 250 నుంచి 300 వోల్టులు, హీటర్లు 6.3 వోల్టులు, క్యాథోడ్లు ఒకటి రెండు వోల్టులు, మెయిన్స్ టెర్మినల్స్ దగ్గర 230 వోల్టులు. ఇవన్నీ జానెడు చోటులో పక్కపక్కనే ఉంటాయి.

ఒక అపోహను ఇక్కడే తీసేయాలి. ఇంటి బోర్డులో 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు కారితే ఆపేసే స్విచ్) ఉంది కదా, షాక్ కొడితే అదే పడిపోతుందని కొందరు ధైర్యంగా ఉంటారు. హెచ్‌టీ తగిలితే అది పడదు. ఆర్‌సీసీబీ చూసేది ఫేజులో వెళ్లినంత కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అన్నదొక్కటే. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ విడిగా ఉన్న వైండింగ్. దాని కరెంటు మీ చేతి గుండా చాసిస్‌కు పోయి తిరిగి ఆ వైండింగ్‌కే చేరుతుంది. ప్రైమరీలో లెక్క సరిపోతూనే ఉంటుంది. కాబట్టి హెచ్‌టీ దగ్గర కాపాడేవి పద్ధతి, మంచి ప్రోబ్‌లు, మంచి మీటర్ మాత్రమే.

ఇక మీటర్ సంగతి. 101 డీసీ, ఏసీ రెండింటిలోనూ 600 వోల్టుల దాకా కొలుస్తుంది. భద్రతా తరగతి క్యాట్ 3, 600 వోల్టులు. ఈ క్యాట్ అంకెను చాలామంది పట్టించుకోరు. మీటర్ ఎన్ని వోల్టులు చూపించగలదో చెప్పే అంకె కాదది. మెయిన్స్ లైనులో క్షణకాలం వచ్చే భారీ ఉప్పెనను మీటర్ పేలకుండా తట్టుకోగలదా అని చెప్పేది. క్యాట్ 3, 600 వోల్టుల మీటర్‌ను 6000 వోల్టుల ఉప్పెనతో పరీక్షిస్తారు, క్యాట్ 2, 600 అయితే 4000తో. పిడుగులు పడే వానాకాలంలో మెయిన్స్ వైపు కొలిచేటప్పుడు ఈ తేడా పనికొస్తుంది.

డీసీలో ఖచ్చితత్వం అర శాతం, దాని మీద మరో 3 అంకెలు. అంటే 300 వోల్టుల దగ్గర అటూ ఇటూ 1.8 వోల్టులు. వాల్వ్ పనికి ఇది కావాల్సినదానికంటే ఎక్కువే. వాల్వ్ సర్క్యూట్లలో రెసిస్టర్లే 5 శాతం, 10 శాతం తేడాతో ఉంటాయి. ఇంతకంటే ముఖ్యమైనది ఇన్‌పుట్ ఇంపీడెన్స్, అంటే మీటర్ లోపలి రెసిస్టెన్స్. ఇందులో 10 మెగాఓమ్‌ల పైన ఉంటుంది. మూడు నాలుగు వందలకు దొరికే డీటీ830 తరహా పసుపు మీటర్లలో ఇది 1 మెగాఓమ్ మాత్రమే.

ఆ తేడా కాగితం మీద చిన్నదే. సర్క్యూట్‌లో అలా ఉండదు. 12ఏఎక్స్7కు 100 కిలోఓమ్‌ల ప్లేటు (ఎలక్ట్రాన్లు చేరే కొస) రెసిస్టర్, 1.5 కిలోఓమ్‌ల క్యాథోడ్ రెసిస్టర్, 270 వోల్టుల సప్లయి ఉన్నాయనుకోండి. ప్లేటు మీద 177 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. డీసీకి ఆ బిందువు లోపలి రెసిస్టెన్స్ సుమారు 68 కిలోఓమ్‌లు. పసుపు మీటర్ ఆనించగానే దాని మెగాఓమ్ భారం పడి 166 చూపిస్తుంది. 101 అయితే 176 చూపిస్తుంది. సిగ్నల్ అందుకునే గ్రిడ్ దగ్గర పరిస్థితి ఇంకా ఘోరం. గ్రిడ్‌ను గ్రౌండ్‌కు కలిపే 1 మెగాఓమ్ రెసిస్టర్ (గ్రిడ్ లీక్) మీద, ముందు స్టేజీ నుంచి సిగ్నల్ తెచ్చే కప్లింగ్ కెపాసిటర్ కారి, అంటే డీసీని కొంచెం పోనిచ్చి, 1 వోల్టు వచ్చి ఉంటే, పసుపు మీటర్ అందులో సగమే చూపిస్తుంది. 101లో 0.91 కనిపిస్తుంది. కారే కెపాసిటర్‌ను పట్టుకోవడానికి కొన్న మీటరే ఆ జాడను సగానికి తగ్గించి చూపిస్తే ఇక దాన్ని నమ్మేదెలా?

పసుపు మీటర్‌ను పూర్తిగా పారేయమని చెప్పడం లేదు. కరెంటు ఆపి ఉన్నప్పుడు రెసిస్టర్లు చూసుకోవడానికి, తీగ కంటిన్యూటీకి బాగానే పనికొస్తుంది. హెచ్‌టీ దగ్గరకు మాత్రం తేకూడదు. డయల్ మీద 1000 వోల్టులు అని రాసి ఉన్నా ఆ తరహా మీటర్లలో 10 ఆంపియర్ల రంధ్రానికి సాధారణంగా ఫ్యూజు ఉండదు. తీగల పైతొడుగు పలుచన. ప్రోబ్ మొన ప్లాస్టిక్ పిడిలోంచి ఊడి రావడం మామూలే. ఇంకో చిక్కుంది. వాటిని ఏసీ వోల్టుల్లో పెట్టి డీసీ హెచ్‌టీ మీద ఆనిస్తే, తీగలు ఒకవైపు ఉంటే రెట్టింపుకు పైగా చూపిస్తాయి, తిరగేస్తే సున్నా చూపిస్తాయి. ఆ సున్నా చూసి హెచ్‌టీ లేదనుకుని చెయ్యి పెట్టేవాళ్లే ఎక్కువ ప్రమాదంలో పడేది. డయల్ డీసీ మీద ఉందో లేదో ప్రతిసారీ పైకి చదువుకోవాలి.

101తో వచ్చే ప్రోబ్‌లు మంచివే, కానీ ఈ పనికి అవొక్కటే చాలవు. 9 పిన్నుల సాకెట్‌లో 1వ పిన్ను ప్లేటు, పక్కనే ఉన్న 2వ పిన్ను గ్రిడ్. మొన జారి రెండింటినీ కలిపితే హెచ్‌టీ గ్రిడ్ మీదకు వస్తుంది, వాల్వ్ పోతుంది. చేత్తో ప్రోబ్ పట్టుకుని సాకెట్ పిన్నుల మీద కొలవడమనే అలవాటే మానాలి. ప్లేటు వోల్టేజీని ప్లేటు రెసిస్టర్ కాలు మీదో, ట్యాగ్ స్ట్రిప్ మీదో తీసుకోవాలి. అందుకు కొక్కెంలా పట్టుకునే ఇన్సులేటెడ్ క్లిప్పులు ఒక జత విడిగా కొనాలి. వాటి మీద 600 వోల్టులు అని రాసి ఉండాలి. బజార్లో దొరికే చిన్న కొక్కెం క్లిప్పుల్లో చాలామట్టుకు తక్కువ వోల్టేజీ బోర్డుల కోసం చేసినవి, 300 వోల్టులకు పనికిరావు. లోహం బయటికి కనిపించే మామూలు మొసలి క్లిప్పులు అసలే వద్దు. తీగ సిలికాన్ తొడుగుదైతే సోల్డరింగ్ ఐరన్ తగిలినా కరగదు, మడత పడదు.

కొలిచే క్రమం ఇదీ. కరెంటు ఆపాలి, ప్లగ్గు పీకాలి, కెపాసిటర్లు ఖాళీ అయ్యాయని మీటర్‌తోనే చూడాలి. నల్ల క్లిప్పును చాసిస్ గ్రౌండ్‌కు తగిలించాలి. ఎర్ర క్లిప్పును కొలవాల్సిన బిందువుకు తగిలించాలి. మీటర్‌ను చూడటానికి వీలైన చోట నిలబెట్టి, చేతులు పూర్తిగా బయటికి తీసి, అప్పుడు స్విచ్ వేయాలి. అంకె చదవాలి, రాసుకోవాలి, స్విచ్ ఆపాలి, వోల్టేజీ దిగేదాకా ఆ అంకెనే చూస్తూ ఉండాలి. తర్వాతే ఎర్ర క్లిప్పును ఇంకో చోటికి మార్చాలి. ఒక్కో బిందువుకు రెండు మూడు నిమిషాలు పడుతుంది, మొత్తం పెట్టెకు గంట. ఆ గంటను తగ్గించుకోవాలని చూడొద్దు. క్లిప్పు తగిలించలేని చోట ప్రోబ్ పట్టుకోక తప్పకపోతే ఒక్క చెయ్యే పెట్టె దగ్గరుండాలి, రెండోది జేబులో ఉండాలి. రెండు చేతుల మధ్య కరెంటు పోతే దారి గుండె మీదుగానే.

విశాఖలో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. రోహిణి కార్తె ఉక్కపోతలో చేతులు, ముంజేతులు చెమటతో తడిసి ఉంటాయి. పొడి చర్మం కంటే తడి చర్మం గుండా కరెంటు చాలా సులువుగా పోతుంది. ఫ్యాను కింద, చేతులు తుడుచుకుని, కాళ్లకు రబ్బరు చెప్పులు వేసుకుని, కింద రబ్బరు పట్టా పరుచుకుని కూర్చోవాలి. వాన పడి గదిలో నేల చెమ్మగిల్లిన రోజు హెచ్‌టీ పని పెట్టుకోకండి.

చాసిస్‌కు ఎర్త్ తప్పనిసరి. త్రీపిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేసి టూపిన్ పెట్టుకోవడం మన దగ్గర విరివిగా కనిపించే అపాయం. సముద్రానికి దగ్గర్లో, జాలరిపేట నుంచి ఎంవీపీ కాలనీ దాకా ఉన్న ఇళ్లలో ఎర్త్ రాడ్డు, క్లాంపు ఉప్పు తేమకు తుప్పు పట్టి ఉండొచ్చు. ఇక్కడ 101తో ఒక జాగ్రత్త ఉంది. 10 మెగాఓమ్‌ల మీటర్ కాబట్టి సగం తెగిన ఎర్త్ మీద కూడా ఫేజుకు, ఎర్త్‌కు మధ్య 230 చక్కగా చూపిస్తుంది. దాన్ని చూసి ఎర్త్ బాగుందనుకోకూడదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ టెస్టర్‌తో చూపించుకోవాలి.

పెట్టెకు మొదటిసారి కరెంటిచ్చేటప్పుడు రేడియో మెకానిక్కుల పాత సిరీస్ బల్బు బోర్డు వాడాలి. 40 లేదా 60 వాట్ల ఫిలమెంట్ బల్బు కావాలి, ఎల్ఈడీ పనికిరాదు. బల్బు ఒకసారి వెలిగి మసకబారితే సరే. నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది. బల్బు ఉన్నంతసేపూ వోల్టేజీలన్నీ తక్కువగానే కనిపిస్తాయి కాబట్టి అప్పటి అంకెలు రాసుకోవద్దు.

బల్బు తీసేశాక మొదట చూడాల్సింది హెచ్‌టీ ఎంత పైకి పోతుందన్నది. సిలికాన్ డయోడ్లతో కట్టిన సప్లయిలో వాల్వులు వేడెక్కేలోపే కెపాసిటర్లు శిఖరానికి చేరతాయి. 250 వోల్టుల సెకండరీ లోడు లేకుండా 10 శాతం పెరిగి, ఆ వేళ మెయిన్స్ 245 ఉందనుకుంటే, హెచ్‌టీ 414 వోల్టుల దాకా పోతుంది. 350 వోల్టుల కెపాసిటర్ వేసినవాళ్లకు అది అక్కడే ఉబ్బుతుంది. 450 వోల్టులది వేయాలి. 101కు 414 ఇబ్బందేమీ కాదు. కానీ 250-0-250 సెకండరీని ఈ కొన నుంచి ఆ కొనకు కొలవొద్దు. లోడు లేనప్పుడు అది 550 ఏసీ దాటి మీటర్ హద్దును తాకుతుంది. సెంటర్ ట్యాప్ నుంచి ఒక్కో సగాన్ని విడిగా కొలవాలి. 6ఎక్స్4 వాల్వ్ రెక్టిఫయర్ అయితే హెచ్‌టీ నెమ్మదిగా లేస్తుంది, ఈ పోటు తగ్గుతుంది.

హీటర్ల దగ్గర ఏసీలో చూడాలి. 12ఏఎక్స్7లో 4, 5 పిన్నులు కలిపి, 9వ పిన్నుకు మధ్య 6.3 వోల్టులు. 6.0 నుంచి 6.6 మధ్య ఉంటే నిశ్చింత. 5.7 కంటే దిగినా, 6.9 దాటినా సరిచేయాలి. 101 నిజమైన ఆర్‌ఎంఎస్ మీటర్ కాదు, సగటు చూసి లెక్కకట్టేది. ట్రాన్స్‌ఫార్మర్ ఏసీకి ఆ తేడా పట్టించుకునేంత ఉండదు.

ఇక ఆ 12ఏఎక్స్7నే తీసుకుని అంకెలు ఏం చెబుతాయో చూద్దాం. క్యాథోడ్ 1.4, ప్లేటు 177, సప్లయి 270 అయితే అంతా కుదిరినట్టే. 93 వోల్టులు 100 కిలోఓమ్‌ల మీద పడ్డాయి, అది 0.93 మిల్లీఆంప్, క్యాథోడ్ లెక్కతో సరిపోయింది. ఈ రెండు లెక్కలూ కలవాలి. ప్లేటు 270 దగ్గరే ఆగి క్యాథోడ్ సున్నా ఉంటే వాల్వ్ వెలగడం లేదు, లేదా సాకెట్ పట్టు లేదు. ప్లేటు 270 దగ్గరే ఉండి క్యాథోడ్ మూడు నాలుగు వోల్టులకు లేస్తే క్యాథోడ్ రెసిస్టర్ తెగింది. ప్లేటు 90కి పడిపోయి క్యాథోడ్ 2.7కు లేస్తే ముందు స్టేజీ కప్లింగ్ కెపాసిటర్ కారుతోంది. ప్లేటు 100కు పడినా క్యాథోడ్ కూడా 0.75కు తగ్గితే ప్లేటు రెసిస్టరే విలువ పెరిగిపోయింది, సుమారు 340 కిలోఓమ్‌లైంది. ఒక్క ప్లేటు అంకె చూసి వాల్వ్ మార్చేసేవాళ్లు ఈ చివరి రెండింటినీ ఎప్పటికీ పట్టుకోలేరు. పాట్ తిప్పితే గరగరమంటే పాట్‌ను తిట్టేముందు దాని మీద డీసీ చూడండి. కొన్ని మిల్లీవోల్టులకు మించి ఉంటే అది కూడా కారే కెపాసిటర్ పనే.

ఫిల్టర్ల మధ్య వోల్టేజీ తగ్గించే డ్రాపర్ రెసిస్టర్ మీద వోల్టేజీ కావాలంటే మీటర్‌ను దాని రెండు చివరలకూ తగిలించొద్దు. అప్పుడు నల్ల తీగ కూడా 300 వోల్టుల మీద ఉంటుంది. రెండు చివరల్నీ గ్రౌండ్ నుంచి విడివిడిగా కొలిచి తీసివేయాలి. 300, 272 వస్తే తేడా 28. 4.7 కిలోఓమ్‌ల మీద అది 6 మిల్లీఆంపులు. అమెరికా సర్క్యూట్ బొమ్మల్లో రిపుల్ (హెచ్‌టీలో మిగిలే అల) 120 హెర్ట్జ్ అని ఉంటుంది. మన 50 హెర్ట్జ్ మెయిన్స్‌తో అది 100. అందుకే ఆ బొమ్మలో వేసిన ఫిల్టర్ కెపాసిటర్ ఇక్కడ కొంచెం తక్కువే అవుతుంది.

కెపాసిటర్లు ఖాళీ చేయడానికి స్క్రూడ్రైవర్ వాడకండి. 10 కిలోఓమ్, 10 వాట్ల తెల్ల సిమెంటు రెసిస్టర్‌ను తొడుగేసి ఒక ఇన్సులేటెడ్ క్లిప్పుకూ, ఒక ప్రోబ్‌కూ మధ్య కట్టుకోవాలి. 100 మైక్రోఫారడ్లకు ఆరు సెకన్లు ఆనిస్తే చాలు. ఎలక్ట్రోలైటిక్‌లు కాసేపటికి తమంతట తామే కొన్ని వోల్టులు తిరిగి తెచ్చుకుంటాయి కాబట్టి పని ముగిసేదాకా దాన్ని తగిలించే ఉంచాలి. పెట్టెలో శాశ్వతంగా 220 కిలోఓమ్‌ల బ్లీడర్ (కరెంటు ఆపాక కెపాసిటర్లను ఖాళీ చేసే రెసిస్టర్) ఉండాలి. ఒక్క రెసిస్టర్ కాకుండా 110 కిలోఓమ్, 2 వాట్లవి రెండు వరసగా వేస్తే వోల్టేజీ పంచుకుంటాయి. 300 నుంచి 10 వోల్టులకు దిగడానికి ముప్పావు నిమిషం చాలదు, 75 సెకన్లు పడుతుంది.

మూత తీయకుండానే హెచ్‌టీ చూసుకునే ఏర్పాటు కూడా ఉంది. 330 కిలోఓమ్‌లవి మూడు, కింద 10 కిలోఓమ్‌లు వరసగా వేసి, ఆ 10 కిలోఓమ్‌ల పైనుంచి వెనక ప్యానెల్ మీదకు ఒక జాక్ తేవాలి. 300 వోల్టులు అక్కడ 3.00గా కనిపిస్తాయి. కింది రెసిస్టర్ తెగితే జాక్ మీదకు నిండు హెచ్‌టీ వస్తుంది కాబట్టి దానికి అడ్డంగా 10 వోల్టుల జెనర్ (వోల్టేజీని ఆ హద్దు దాటనివ్వని డయోడ్) తప్పకుండా వేయాలి.

101లో నచ్చనివీ ఉన్నాయి. తెరకు వెలుగు లేదు, సాయంత్రం పెట్టె లోపలి నీడలో అంకె చదవడం కష్టం. 20 నిమిషాలకు తనంతట తానే ఆరిపోతుంది, వాల్వ్ స్థిరపడేదాకా చూస్తూ కూర్చుంటే మధ్యలో తెర ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ తెరను చూసి హెచ్‌టీ దిగిందనుకోవద్దు. కెపాసిటర్లు 100 మైక్రోఫారడ్ల దాకానే కొలుస్తుంది, ఈక్వలైజర్‌కు అది చాలు. పసుపు మీటర్‌తో పోలిస్తే ధర పది రెట్లకు పైనే. 500, 600 వోల్టుల హెచ్‌టీ ఉండే పవర్ ఆంప్లిఫయర్లు కట్టేవాళ్లకు ఇది సరిపోదు, వాళ్లు 1000 వోల్టుల తరగతి మీటర్, దానికి తగ్గ ప్రోబ్‌లు తీసుకోవాలి.

వాడకపోతే లోపలి రెండు ట్రిపుల్ ఏ సెల్‌లు తీసి ఉంచండి. మన తీరపు గాలికి కారిన సెల్ ఒక్క వానాకాలంలోనే స్ప్రింగును తినేస్తుంది. ప్రోబ్ మొనలనూ, రంధ్రాల్లో దూరే ప్లగ్గులనూ రెండు నెలలకోసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. పాత ఫ్లక్స్ మీద ఉప్పు తేమ పట్టిన సాకెట్లను కూడా దాంతోనే కడిగి, ఆరాక గ్రిడ్ వోల్టేజీ మళ్లీ చూడండి. కారే కెపాసిటర్ అనుకున్నది కొన్నిసార్లు ఆ జిగురు మురికే అవుతుంది.